సైదాబీ ఎడమ కన్ను

పొద్దున్నే టీ గ్లాసు నోటి దాకా తెచ్చుకునేసరికి సైదాబీ ఎడమ కన్ను టపటపా కొట్టుకుని మూసుకుపోయింది. బుగ్గ, పెదవి చివర కూడా పైకి లాక్కుపోయాయి. టీ చీర మీద ఒలికింది. కొన్నేళ్లుగా ఇదే బాధ.

ఒకప్పుడు మాచర్లలో సైదాబీ చేత గాజులు తొడిగించుకోని పెళ్లికూతురు అరుదు. బిగుతు గాజును పిడికిలి దాటించేటప్పుడు ఆమె చూపు పిల్ల మొహం మీదే ఉండేది. నొప్పి ముందు అక్కడే తెలుస్తుంది మరి. కన్ను మొరాయించాక ఒక పెళ్లిలో గాజు చిట్లి పిల్ల చేతికి గుచ్చుకుంది. ఆ తర్వాత ఆమెను పిలిచిన వాళ్లు లేరు.

ఇవాళ సొంత ఇంట్లోనే ఆ ముచ్చటా అయింది. మనవరాలు ఫరా పెళ్లికి గాజులు తొడగడానికి గురజాల నుంచి ఇంకో ఆమెను మాట్లాడామని కోడలు అంజుమ్ తల దించుకుని చెప్పింది. కొడుకు అక్రం అందుకున్నాడు. మగపెళ్లివారి ముందు మొహం అట్లా లాగుతుంటే బాగోదట. ఆపరేషన్ కుదరదని గుంటూరు డాక్టరే చెప్పాడు కదా, ఏం చేస్తామన్నాడు.

"డాక్టరు అట్లా అనలేదు దాదీ," అంది ఫరా. తండ్రి కళ్లెర్రజేసినా ఆగలేదు. స్కానింగ్ అయ్యాక సైదాబీని బయట కూర్చోబెట్టినప్పుడు డాక్టరు గదిలో జరిగిందంతా చెప్పేసింది. చెవి వెనక రక్తనాళం ఒకటి మొహాన్ని కదిలించే నరాన్ని నొక్కుతోందట. అక్కడ పుర్రెకు చిన్న రంధ్రం చేసి, రెంటి మధ్యా మెత్త పెడితే సరిపోతుందట. ఆ చెవి వినికిడి తగ్గే ప్రమాదం ఉంది గానీ, గుండె బాగుంది కాబట్టి వయసు అడ్డు కాదన్నాడట డాక్టరు. ఈ వయసులో ఎందుకులే అన్నది అక్రమే.

మొహం ఒకరిది, తీర్పు ఇంకొకరిది. ఎక్కడి న్యాయం ఇది? సైదాబీ గ్లాసు కింద పెట్టి లేచింది.

"ఏందిరా, ముసలిదాన్నయితే నా మొహం నాకు అక్కర్లేదనుకున్నావా? కన్ను నాది, తలకాయ నాది. నన్నొక్క మాట అడిగావా? పైగా గురజాల నుంచి మనిషొచ్చిద్దా నా మనవరాలికి గాజులు తొడగడానికి?"

అక్రం చూపు గుమ్మంలో ఉన్న తల్లి చెప్పుల మీద పడింది. "అబ్బా కూడా చిన్న ఆపరేషనే అని లోపలికి పోయాడు," అన్నాడు. "ఆయన చెప్పులు పట్టుకుని బయట నిలబడ్డా. మళ్లీ రాలేదు. నీ చెప్పులు కూడా పట్టుకోవడం నా వల్ల కాదమ్మీ."

సైదాబీ కోపం తగ్గలేదు గానీ, మొగుడు గుర్తొచ్చి కళ్లు నిండాయి. "భయమేస్తే నా దగ్గరకొచ్చి ఏడవాలిరా. నాకు అబద్ధం చెప్తావా?"

అక్రం ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఏం చేద్దామంటావని మొదటిసారి అడిగాడు.

ఆపరేషన్ చేయించుకుంటానంది సైదాబీ. పెళ్లి వాయిదా వేశారు. గుంటూరులో ఆపరేషన్ గది తలుపు ముందు సైదాబీ చెప్పులు విడిచి, వంగి తీసి, కొడుకు చేతిలో పెట్టింది.

"పట్టుకో. వచ్చి తొడుక్కుంటా."

మర్నాడు మంచం పక్కన అక్రం ఆమె ఎడమ చెవి దగ్గరికి వంగి, వినపడుతోందా అమ్మీ అని గుసగుసగా అడిగాడు. సైదాబీ రెండు కళ్లూ తెరిచి చూసింది. బుగ్గ కదల్లేదు.

"వినపడుతోందిలే. నా చెప్పులేవి? ఫరాకు గాజులు ఏరాలి."