పిలుపు అందని ఆడపడుచు

నందిగామలో ఆ ఉదయం జెరూషా పప్పు కుక్కర్ పొయ్యి మీద పెట్టి, గోడ పట్టుకుని కుర్చీ దాకా వచ్చింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బని తేలిన దగ్గర్నుంచి ఇంట్లో అందరి చూపూ ఆమె కాళ్ళ మీదే. భర్త శాంతికుమార్ బడికి తయారవుతున్నాడు. ఆదివారం అతని తల్లి జ్ఞాపకార్థ కూటం. బంధువులను ఇంటి కోడలే స్వయంగా పిలవాలని వాళ్ళలో పట్టింపు. ఫోన్లు తనే చేస్తానని జెరూషా అడిగి మరీ తీసుకుంది.

అంతలో చిల్లకల్లు నుంచి అతని అక్క లూర్దమ్మ వచ్చింది. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మా అమ్మ కూటానికి నన్ను పిలవడానికి నోరు రాలేదా జెరూషా? పాస్టరమ్మ చెబితే తెలిసింది నాకు!"

"పిలిచా కదండీ వదినా..."

"ఎప్పుడు? కల్లోనా? మా చిన్నాన్న కొడుకు బెన్నికి మాత్రం రెండుసార్లు చేసావంట!"

శాంతికుమార్ మొహం మాడింది. "చెయ్యకపోతే చెయ్యలేదను. అబద్ధం ఎందుకు?"

అక్కాతమ్ముళ్ళు ఒకేసారి అందుకున్నారు. కుక్కర్ కూతేసింది. జెరూషా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"ఒక్కొక్కళ్ళే మాట్లాడండి. నాకు అందట్లేదు."

"చూసావురా పొగరు!" అంది లూర్దమ్మ.

"పొగరు కాదు వదినా." మాట కోసం వెతుక్కుంటూ ఆగింది. "మీ నంబరు తీసా. ఈలోగా పాలామె వచ్చింది. తర్వాత... చేసేశాననే అనుకున్నా. ఈమధ్య అన్నీ ఇంతే. ఒళ్ళు దగ్గర పెట్టుకోవట్లేదని నన్ను నేనే తిట్టుకుంటున్నా."

శాంతికుమార్ వెళ్ళి పొయ్యి కట్టేశాడు. విజయవాడలో జెరూషా స్కానింగ్ గదిలో ఉండగా డాక్టరు తనతో అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది: "కాళ్ళే కాదు మాస్టారూ, ఈ జబ్బు జ్ఞాపకాన్నీ తాకొచ్చు. ఆలోచన నెమ్మదించొచ్చు." భయపడుతుందని ఆమెకి చెప్పలేదు. రాన్రాను తనూ ఆ మాట పక్కన పెట్టేశాడు. బళ్ళో పిల్లలకి విసుగు లేకుండా పాఠం మళ్ళీ చెప్పేవాడు, ఇంట్లో మాత్రం "ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అంటూ వచ్చాడు.

ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "జెరూషా, ఈ మరుపు కూడా జబ్బులోదే. డాక్టరు ముందే చెప్పాడు. నేనే నీకు చెప్పలా."

ఆ మాట ఆమెకి చేరడానికి కొంచెం సేపు పట్టింది. ఈసారి అతను తొందరపెట్టలేదు.

"అయితే... నా అజాగ్రత్త కాదా?"

ఆమె కళ్ళు నిండిపోయాయి. ఆ మొహంలో కోపం లేదు, ఊరటే ఉంది. అతను దాన్ని చూడలేకపోయాడు.

లూర్దమ్మ వచ్చి మరదల్ని దగ్గరికి తీసుకుంది. "నువ్వు పిలవకపోయినా వస్తానే పిచ్చిదానా. వీణ్ణి అనాలి ముందు. ఇన్నాళ్ళూ నిన్ను ఒంటరిగా భయపడనిచ్చాడు."

జెరూషా కళ్ళు తుడుచుకుంది.

"ఒక్క మాట చెప్పుంటే బావుండేదండీ," అంది భర్తతో, మెల్లగా.