గోతిలో ఎడమ మూల కుర్చీ

అమెరికాలోని బఫెలోలో రోజ్‌మాంట్ థియేటర్ పేరెత్తితే చాలు, వాయించేవాళ్ళందరూ ఒకటే మాట అంటారు — "గోతిలో ఎడమ మూల మాత్రం కూర్చోకురా నాయనా."

గొయ్యి అంటే మరేం కాదు. వేదిక ముందు కిందికి దించి కట్టిన ఇరుకు చోటు. నాటకంలో పాటలకి వాయించేవాళ్ళు అందులోనే కూర్చుంటారు. జనానికి వాయిద్యం వినపడుతుంది, మనిషి కనపడడు.

ఆ ఎడమ మూల డబుల్ బాస్ — మనిషెత్తు వయొలిన్ లాంటిది, లోతైన గొంతు — వాయించేవాడిది. ఎప్పుడో ఓటిస్ అని ఒకాయన ఆట మధ్యలో బాస్‌ని కౌగిలించుకుని, దాని మెడ మీద తలవాల్చి... అలాగే పోయాడట. తెరపడి, చప్పట్లన్నీ అయిపోయాక గానీ పక్కవాళ్ళు చూసుకోలేదట. నిద్రపోతున్నాడనుకున్నారట పాపం!

అప్పట్నుంచీ — హాలంతా ఖాళీ అయ్యాక, ఆ మూలలోంచి బాస్ మోగుతుందని చెప్పుకుంటారు.

రాత్రిళ్ళు వేదిక మధ్యలో ఒక్క బల్బు వెలిగించి వదిలెయ్యడం ఏ థియేటర్లోనైనా ఉన్నదే. దెయ్యాలకి చీకటవ్వకూడదని. మిగతాచోట్ల అది ఆచారం. రోజ్‌మాంట్‌లో అది భయం.

లెస్టర్ వోజిక్ మాత్రం ఈ కథ విని పకపకా నవ్వేవాడు. నవ్వడా మరి! ఇవాళ నాటకం, రేపు పెళ్ళి, ఎల్లుండి శవయాత్ర. ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికి బాస్ మోసుకుపోయే మనిషి. ఫోన్ మోగని వారం అతనికి దెయ్యం కంటే ఎక్కువ భయం.

ఆ చలికాలం ఆ భయం కూడా పోయింది. ఎందుకంటే నాటకం బాగా ఆడుతోంది. వసంతానికి దేశమంతా తిరగబోతోంది. ఏడాది పొడుగునా పని! సంగీతం నడిపించే డోరియన్, లెస్టర్‌కి పాతికేళ్ళ స్నేహితుడు, భుజం మీద చెయ్యేసి మరీ చెప్పాడు.

"ఆ కుర్చీ నీదేరా. ఇంకెవడూ కూర్చోడు. పూచీ నాది."

ఆ మాట పట్టుకుని లెస్టర్, ప్రతి క్రిస్మస్‌కీ తనని పిలిచే ఇంకో థియేటర్‌కి రానని చెప్పేశాడు. ఆ చోటు ఎవడో కుర్రాడికి పోయింది. ఈ పనిలో ఒకసారి వదిలిన కుర్చీ మళ్ళీ దొరకదు. అయినా పరవాలేదనుకున్నాడు. డోరియన్ ఉన్నాడుగా.

"వెనక వరసలకి నీ బాస్ అందట్లేదురా," అంటూ డోరియన్ ఒకరోజు బాస్ పొట్టకి చిన్న మైకు కూడా అతికించాడు. ఎంత శ్రద్ధో చూడండి!

ఆ నాటకంలో ఒక నెమ్మది పాట ఉంది. కథానాయిక లొరెట్టా పొడుగాటి గౌను వేసుకుని, పాడుతూ మెట్లు దిగుతుంది. ఆవిడకి మోకాలు నొప్పి. సగం మెట్ల దగ్గర కాలు వెంటనే పడదు. లెస్టర్ మూలలోంచి వేదిక సందులోకి తొంగి చూస్తూ, ఆవిడ పాదం కింది మెట్టు మీద ఆనేదాకా ఒకే స్వరాన్ని సాగదీసి పట్టుకునేవాడు. డోరియన్ తాళం చూపించే కర్ర కూడా అక్కడ లెస్టర్ వేలి కోసమే ఆగేది. అది నొప్పని జనానికేం తెలుసు? విరహం అనుకుని కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

ఆట అవగానే లొరెట్టా గోతి అంచున వంగి ఒక నిమ్మబిళ్ళ విసిరేది. "ఇవాళ కూడా నన్ను పడనివ్వలేదయ్యా," అనేది.

ఆ రాత్రి మంచు విపరీతంగా పడుతోంది. లెస్టర్‌కి జలుబు. ఆట అయ్యాక బాస్‌ని గోతిలోనే పక్కకి పడుకోబెట్టి, దుప్పటి కప్పి వెళ్ళిపోయాడు. బాస్ వాళ్ళందరూ చేసే పనే అది. మనిషికంటే పెద్ద వాయిద్యాన్ని రోజూ ఎవడు మోస్తాడు?

వీధి చివర హోటల్లో వేడివేడి సూప్ తాగుతుంటే ఫోన్ వచ్చింది. పొద్దున్నే చర్చిలో ఎవరివో అంత్యక్రియలు, వాయించాలి. లెస్టర్ నోట కాదనే మాట ఎప్పుడైనా వచ్చిందా? బాస్ కోసం మళ్ళీ వెనక్కి బయల్దేరాడు.

వెనక తలుపు దగ్గర తాళాలు పట్టుకుని కూర్చునే ముసలావిడ మేవిస్, అతన్ని చూడగానే అల్లిక పక్కన పడేసింది.

"ఇప్పుడెందుకొచ్చావయ్యా? పొద్దున్నే రారాదూ?"

"పొద్దున్న శవం నాకోసం ఆగుతుందా మేవిస్?"

ఆవిడ గొంతు తగ్గించింది. "లోపల... వాయిస్తోంది. ఈ వారమంతా వాయిస్తూనే ఉంది."

"ఎవరూ?"

"ఎవరేంటి! ఓటిస్."

నవ్వాడు. నవ్వు సగంలో ముక్కు ఎగబీల్చి లోపలికి నడిచాడు.

నడవా చీకటి. చలి. మెట్లు దిగుతుంటే తన బూట్ల చప్పుడు తనకే ఎవరో వెంట వస్తున్నట్టుంది. గోతి తలుపు మీద చెయ్యి వేశాడు —

మ్‌మ్‌మ్...

ఆగిపోయాడు. నీళ్ళ గొట్టమేమో అనుకున్నాడు. కాదు. గొట్టాలు రాగం తియ్యవు.

తలుపు తోశాడు. పైన వేదిక మీద ఒంటరి బల్బు. దాని వెలుగు గోతి అంచు దాకా వచ్చి ఆగిపోయింది. ఎడమ మూల నల్లగా ఉంది. అందులోంచే వస్తోంది ఆ మోత.

కుర్చీ ఖాళీ.

దుప్పటి కింద బాస్ పడుకోబెట్టింది పడుకోబెట్టినట్టే ఉంది. చెయ్యి చాపి దుప్పటి కిందికి పోనిచ్చి తీగల్ని తాకాడు. తీగలు... కదులుతున్నాయి! ఎవరూ ముట్టుకోకుండానే గజగజలాడుతున్నాయి.

చెయ్యి లాక్కుని గోడకి ఆనుకున్నాడు.

అప్పుడు పాట మారింది. నెమ్మది పాట. మెట్ల పాట.

లెస్టర్ తలెత్తి వేదిక వైపు చూశాడు. బల్బు వెలుగులో మెట్లు బోసిగా ఉన్నాయి. బాస్ ఒక్కో మెట్టూ దిగుతోంది... ఒక్కో మెట్టూ... సగానికి వచ్చింది —

ఆగింది.

ఒకే స్వరం. సాగుతోంది. సాగుతోంది. లేని లొరెట్టా కోసం, లేని పాదం కోసం... ఎదురుచూస్తోంది.

పై ప్రాణాలు పైనే పోయాయి లెస్టర్‌కి. ఆ ఆగడం ఓటిస్‌కి ఎలా తెలుసు? లోకంలో అలా ఆగేవాడు ఒక్కడే కదా!

పాట అయిపోయింది. నిశ్శబ్దం. మళ్ళీ మొదటి స్వరం మోగింది. ఆ స్వరం మీదే, ఆ చీకటి మూలలో ఎవరో —

ముక్కు ఎగబీల్చారు.

లెస్టర్ చెయ్యి తన ముక్కు మీదికి పోయింది. తను పీల్చలేదు. కానీ ఆ పీల్పు తనదే. ఈ వారం రోజుల జలుబూ అందులో ఉంది. 'నేను పోయానా? నాకే తెలియకుండా ఈ కుర్చీలోనే పోయానా?' అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు, నవ్వకండి.

అంతలో హాల్లో, వెనక వరసల దగ్గర, ఒక నీలం వెలుగు కనపడింది. వెలుగులో ఒక మొహం. కళ్ళద్దాలు.

డోరియన్.

అతని ఎదుట కంప్యూటర్. హాలు ముందు తలుపు తాళంచెవి అతని దగ్గరా ఒకటుంది, మేవిస్ కంట పడక్కర్లేదు. వేలితో ఏదో నొక్కాడు. మూలలో మోత ఠక్కున ఆగిపోయింది. దుప్పటి కింద తీగలు కూడా మెల్లగా నిద్రపోయాయి. కుర్చీ వెనకాల, మోకాలెత్తు స్పీకర్ పెట్టె ఒకటి ఉంది. ఆట వేళలో అక్కడ లేదది. దాని అదురుకే తీగలు వణికాయన్నమాట.

"లెస్టర్? నువ్వు... ఇంకా వెళ్ళలేదా?"

"ఏంట్రా ఇది?"

డోరియన్ కంప్యూటర్ మూత సగం దించాడు. "టూర్‌కి మనుషుల్ని తగ్గించమన్నారు పైవాళ్ళు. రికార్డు చేసిన బాస్ మిషన్లోంచి వస్తుంది. నేను చాలా చెప్పి చూశాను..."

"ఎప్పట్నుంచి?"

డోరియన్ చూపు గోతిలోని బాస్ వైపు జారింది.

"మైకు అతికించావు చూడు, అప్పట్నుంచా?"

"ఒరే, ఇంకెవడిదో పెట్టకుండా నీదే పెట్టానురా. ఒక రకంగా ఆ కుర్చీలో ఉండేది నువ్వే కదా!"

"నమ్మించి గొంతు కోశావు కదరా," అన్నాడు లెస్టర్. అరవలేదు. "పరాయివాడైతే ఏడ్చేవాణ్ణి కాదు. నాచేత వాయింపించుకుని, నా పొట్టే కొట్టావు."

అప్పుడు డోరియన్, కళ్ళద్దాలు తుడుచుకుంటూ, సిగ్గులేకుండా అడిగాడు — "ఆ ముక్కు చప్పుడొక్కటే ఇబ్బందిగా ఉందిరా. స్వరం మీదే పడింది, కోస్తే స్వరం కూడా పోతుంది. రేపొక్కసారి... శుభ్రంగా వాయిస్తావా?"

లెస్టర్ దుప్పటి తీసి, వంగి బాస్ పొట్ట మీంచి మైకు పీకేశాడు. తీగతో సహా వేదిక మీదికి విసిరాడు. బాస్ వీపున వేసుకుని బయటికి నడిచాడు.

మేవిస్ తలుపు పట్టుకుని నిలబడింది. "చూశావా?"

"చూశాను."

"ఓటిస్సేనా?"

"కాదు మేవిస్. నేనే."

ఆ తర్వాత కూడా ఆఖరి ఆట దాకా వచ్చి వాయించాడు, మైకు లేకుండా. మానెయ్యొచ్చు. కానీ లొరెట్టా మోకాలు ఏం పాపం చేసింది? డోరియన్ కర్ర వంక చూశాడు గానీ మొహం వంక చూడలేదు.

వసంతానికి నాటకం వెళ్ళిపోయింది. లెస్టర్ ఫోన్ మోగని వారాలు మళ్ళీ వచ్చాయి. క్రిస్మస్ కుర్చీ కుర్రాడిదే అయిపోయింది.

చాలా కాలానికి, ఏదో పెళ్ళికి వాయించడానికి క్లీవ్‌లాండ్ వెళ్ళినప్పుడు, ఊరంతా ఆ నాటకం పోస్టర్లే. వెళ్ళకూడదనుకుంటూనే టికెట్ కొన్నాడు. మేడ మీద సీటు. అక్కణ్ణుంచి గొయ్యి బాగా కనపడుతుంది. ఎడమ మూల ఖాళీ కుర్చీ. దాని మీద మడతపెట్టిన తెల్ల రుమాలు.

పక్క సీటులో ఒక పెద్దావిడ. అతను అటే చూడటం గమనించి చెవిలో గుసగుసగా చెప్పింది.

"ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరట బాబూ. బాస్ వాయించే ఆయనెవరో పోయాట్ట. మనిషి లేకపోయినా వాయిద్యం వినపడుతుంది, చూడండి. జలుబు కూడా తగ్గలేదట పాపం... అందుకే ఆ రుమాలు."

మెట్ల పాట మొదలైంది. లొరెట్టా లేదు. ఎవరో చిన్నమ్మాయి గబగబా దిగుతోంది. సగం మెట్ల దగ్గర బాస్ ఒకే స్వరం మీద ఆగిపోయింది. ఆ పిల్ల ఒంటికాలి మీద నిలబడి, ఎందుకు ఆగాలో తెలియక, ఆగింది.

చీకట్లో ఎవరో ముక్కు ఎగబీల్చారు. పెద్దావిడ ఉలిక్కిపడి గోతి వైపు కాదు, పక్కకి తిరిగి చూసింది. లెస్టర్ మొహమంతా తడిగా ఉంది.

"అయ్యో, మీకు తెలిసినాయనా?" అంది.

తెలుసన్నట్టు తలూపాడు.

"పోయి ఎన్నాళ్ళయింది?"

"ఈ చలికాలానికి రెండేళ్ళమ్మా," అన్నాడు లెస్టర్.