చుక్కని చింపే తాడు

"నక్షత్రం చిరిగిపోద్దా? అదేమన్నా గుడ్డా?" అన్నాను. రోజారమణితో నా పరిచయం ఆ తగువుతోనే మొదలైంది.

చిల్లకూరు నుంచి మా జువ్వలదిన్నె బడికి సైన్సు చెప్పడానికి వచ్చింది. ఒకరోజు పిల్లల్ని ఇసుకలో కూర్చోబెట్టి బ్లాక్ హోల్ గురించి చెబుతుంటే, వల బాగుచేసుకుంటున్న నేను ఊరుకోలేక నోరు పెట్టాను. అప్పట్నుంచి రోజూ ఒక సందేహం మోసుకెళ్ళేవాణ్ణి. సగం నిజమైన సందేహాలే. మిగతా సగం ఆమె కళ్ళెత్తి నన్ను చూడాలని.

ఇవాళే ఆఖరు. ఆమెకి బెంగుళూరులో రీసెర్చి సీటు వచ్చింది, సాయంత్రం కావలిలో బస్సెక్కుతుంది. ఈలోగా మనసులో మాట చెప్పాలి.

"అసలెందుకు చిరుగుద్ది టీచర్?" అని మాత్రం అడిగాను.

ఒడ్డున మావాళ్ళు రెండు జట్లుగా వల లాగుతున్నారు. ఆమె చెప్పులు విడిచి, గబగబా వెళ్ళి ఒక తాడు పట్టుకుంది.

"ఈ తాడు గట్టిగా, ఆ తాడు మెల్లగా లాగితే?"

"వల చిరుగుద్ది."

"నక్షత్రం మరీ దగ్గరికి పోయినా అంతే. బ్లాక్ హోల్ ఇవతలి వైపుని గట్టిగా, అవతలి వైపుని తక్కువగా లాగుద్ది."

"అయితే దూరంగా ఉండటమే మేలు," అన్నాను దిగులుగా.

"అట్టెందుకు? సగం ఎగిరిపోయినా మిగతా సగం దాని చుట్టూ తిరుగుతా నెలల తరబడి వెలుగుద్ది. ఆ చీకట్లో బ్లాక్ హోల్ ఉందని మాకు తెలిసేదే అప్పుడు. ఎవరో ఒకరు దగ్గరికి రావాలి గదా సుకుమార్."

నాకు ఒళ్ళంతా వేడెక్కింది. ఈలోగా వల ఒడ్డుకొచ్చింది. వల మాదే కాబట్టి పంపకం మా అమ్మ మాలకొండమ్మది. బుట్టెడు చేపలు తెచ్చి రోజారమణి ముందు పెట్టింది.

"నువ్వూ తాడు పట్టినావు గదమ్మా. చెయ్యి వేసినోళ్ళకి వాటా ఇయ్యకపోతే మాకు మళ్ళా చేప పడదు."

"బస్సులో చేపలెట్టా అత్తా? నా వాటా మీ దగ్గరే ఉండనీండి. సెలవులకొచ్చి తీసుకుంటా."

నిన్నటిదాకా మాలకొండమ్మగారూ అని పిలిచిన మనిషి. అమ్మ కళ్ళు చిన్నవి చేసుకుని చూసింది.

"చేపలు అన్నాళ్ళు ఉంటాయా?"

"నేనంటున్నది చేపల్ని కాదత్తా."

అమ్మ ఆమెని చూసింది. నన్ను చూసింది. నేను ఇసుక చూస్తున్నాను.

"సరేలే," అంది బుట్ట ఎత్తుకుంటూ. "నువ్వొచ్చేదాకా చెడిపోకుండా వీణ్ణి ఉప్పేసి పెడతాలే."