బుధవారం ఓడ, ఒరీలియా వ్యాను

వంటింటి గడియారం ముల్లు ఎవరు తిప్పారన్నది ఆ ఉదయం లాబడీ వారింట్లో తగువు.

"నేనే తిప్పాను," అంది ఎవ్లిన్, నూనెలో బేకు రొట్టెలు తిరగేస్తూ. "నా ఇంట్లో గడియారం ఓడ చెప్పినట్టు నడవడమేమిటే? పోయిన వారం నీ గడియారం చూసుకుని కూర్చుంటే రేడియోలో చావు కబుర్లు దాటిపోయాయి. మా మేనత్త కొడుకు పోయాడని చర్చి మెట్ల మీద పరాయివాళ్లు చెబితే తెలిసింది నాకు."

"బుధవారం ఒక్కరోజే కదమ్మా," అంది కూతురు ఒరీలియా.

"ఒక్కరోజైనా సరే. ఈ ఇల్లు డొమినికాలో ఉంది. ఓడలో లేదు."

బుధవారం వచ్చే పెద్ద ఓడ ఫ్లోరిడా టైమే పాటిస్తుంది. దీవి టైముకన్నా గంట వెనక. ప్రయాణికులు ఆ టైముకే దిగుతారు, ఆ టైముకే ఎక్కాలి. అందుకని, వాళ్లని వ్యానులో దీవి చూపించే ఒరీలియా మంగళవారం సాయంత్రమే ముల్లు వెనక్కి తిప్పి పడుకుంటుంది. ఈవేళ ఏడు చూసి, అది ఓడ ఏడు అనుకుని, దీవిలో ఎనిమిదైపోయిందని ఉరుకులు పరుగుల మీద తయారైంది. వ్యాను తాళాలు చేతిలోకి తీసుకున్నాక గానీ తల్లి నోరు విప్పలేదు.

"ఇంకా గంట టైముంది. కూర్చుని తిను."

"నాకు ఆకలి లేదు," అంది ఒరీలియా. ఆకలి దంచేస్తోంది. కానీ కోపంలో ఉన్నవాళ్లు బేకులు తింటే ఆ కోపానికి విలువేముంటుంది?

కుర్చీలో వాచిన మోకాలు చాపుకుని ఉన్న తండ్రి గిల్‌రాయ్ అప్పుడు నోరు విప్పాడు. "రెండు బుధవారాలు ఖాళీ వ్యానుతో వచ్చావు తల్లీ. ఇలాగే ఉంటే వచ్చే సీజనుకి వ్యాను ఆ ఓడ బస్సుల కంపెనీకి ఇచ్చేద్దాం. వాళ్ల చొక్కా వేసుకుని వాళ్లు చెప్పిన చోటికి నడుపు. నీకూ నిశ్చింత."

ఆ మాటతో మిగిలిన కాస్త ఆకలీ చచ్చింది. ముప్పై ఏళ్లు తండ్రి తిరిగిన దారులు అవి. ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో, ఏ తీరంలో ఏ నెల ఈదకూడదో ఆయన దగ్గరే నేర్చుకుంది. మూడేళ్లుగా తనే నడుపుతోంది. ఇప్పుడు పరాయి చొక్కా వేసుకోవాలా?

*

రేవు గేటు దగ్గర ఇంకా ఎవరూ లేరు. తెల్లచొక్కా కుర్రాడొకడు మాత్రం నిచ్చెనెక్కి బోర్డు కడుతున్నాడు. మడత నలగని కాలరు, మెరిసే బూట్లు, ఓడ వారి బిళ్ల. ఒరీలియా బోర్డు చదివింది.

"ఓడ బస్సుల్లోనే వెళ్లండి. వీధి డ్రైవర్లతో వెళ్లి ఆలస్యమైతే ఓడ ఆగదు. మీ భద్రతే మాకు ముఖ్యం."

"ఆఫీసరు గారూ," అంది నిచ్చెన కింద నిలబడి. "ఆ వీధి డ్రైవరు ఎవరో కాస్త చూపిస్తారా?"

అతను కిందికి చూశాడు. "అంటే... ఎవరినీ ఉద్దేశించి కాదండీ."

"ఉద్దేశించకుండానే రెండు వారాలుగా నా వ్యాను ఖాళీ చేశారన్నమాట. లైసెన్సుంది, ప్రథమ చికిత్స సర్టిఫికెట్టుంది, ఇంతవరకు ఒక్కరిని ఓడ తప్పనివ్వలేదు. నేను వీధా?"

"కంపెనీ బోర్డండీ అది. నేను కడతానంతే."

ఆ యాస విని ఒరీలియా కళ్లు చిన్నవయ్యాయి. "ఏ ఊరు మీది?"

అతను ఒక మెట్టు దిగాడు. "వియే కాజ్."

"మన ఉత్తరం వాళ్లే. మీ అమ్మగారు ఏ బస్సెక్కుతారు ఊళ్లోంచి పట్నం రావాలంటే? ఓడ బస్సా, వీధి వ్యానా?"

అతను మిగిలిన మెట్లన్నీ దిగాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నా పేరు జెర్విన్," అన్నాడు, అడగకపోయినా.

"నేనడగలేదు. దమ్ముంటే ఈవేళ నా వ్యానెక్కండి. చూశాక కట్టండి బోర్డు."

మళ్లీ కనిపించడనుకుంది. కానీ ప్రయాణికులు దిగే వేళకి ఒక ముసలి దంపతులను వెంటబెట్టుకుని వచ్చాడు. "వీళ్లకి బస్సు మెట్లు ఎక్కడం కష్టం. నాకు మధ్యాహ్నం దాకా డ్యూటీ లేదు. ఎక్కమంటారా?"

"ముందు సీటు వాళ్లకి. మీరు వెనక, కూలింగ్ పెట్టె పక్కన."

*

దారిలోనే అందరికీ చెప్పింది. "నది దగ్గర నేను బయటికి రమ్మంటే వెంటనే రావాలి. ఎందుకని గట్టు మీదికొచ్చాక అడగండి."

"నలభై ఏళ్లుగా మా ఆయనకి ఇదే చెబుతున్నాను," అంది ముసలావిడ.

నది దగ్గర ఎండ ఫెళ్లున కాస్తోంది. ఓడ బస్సు ముందే వచ్చింది. నలభై మంది నీళ్లలో ఉన్నారు. ఒరీలియా ముసలివాళ్లని ఒడ్డున రాతి మీద కూర్చోబెట్టి, పాదాలు నీళ్లలో పెట్టనిచ్చి, తను మాత్రం నది పైవైపే చూస్తూ నిలబడింది.

"మనుషుల్ని చూడరేం?" అన్నాడు జెర్విన్, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని.

"మనుషులు ఎటూ పోరు. వచ్చేది అటునుంచి."

ఒక ఆకు కొట్టుకొచ్చింది. ఎండుటాకైతే పట్టించుకునేది కాదు. అది పచ్చనాకు, తొడిమె తాజాగా విరిగింది. వెనకే మరో రెండు. అంటే కొండ మీద గాలివాన మొదలైంది, వరద దిగబోతోంది.

"పైకి," అంది. ముసలాయన అడక్కుండానే లేచాడు. ఆమె బస్సు గైడు వైపు తిరిగింది. "నీవాళ్లని లేపు."

"నా కాగితంలో ఇంకా ఇరవై నిమిషాలుంది ఒరీలియా," అన్నాడు గైడు బితుకుబితుకుమంటూ. "ముందే లేపితే ఓడవాళ్లు నామీద పడతారు."

"నది చదివిందా నీ కాగితం?"

జెర్విన్ వంగి ఆ ఆకు తీశాడు. తొడిమె చూశాడు. మారుమాట లేకుండా గట్టిగా అరిచాడు. "నేను ఓడ ఆఫీసరుని. అందరూ గట్టెక్కండి. ఇప్పుడే."

పదినిమిషాల తర్వాత, ఆ నలభై మంది ఈదిన చోట కోకో టీ రంగు నీళ్లు బండల్ని దొర్లించుకుంటూ పోయాయి. ముసలావిడ ఒరీలియా చెయ్యి పట్టుకుని వ్యాను దాకా వదల్లేదు. ఓడ బయల్దేరడానికి ఇంకా నాలుగు గంటలు ఉండగానే రేవు చేరారు.

వాళ్లు దిగాక జెర్విన్ కిటికీ దగ్గర ఆగాడు. "థాంక్స్."

"ఆకు సంగతి మీకు తెలుసు," అంది ఒరీలియా. ప్రశ్న కాదది.

"మా అమ్మ చెప్పేది, చిన్నప్పుడు."

"మంగళవారం రాత్రి ఓడ హాల్లో ప్రయాణికులకి జాగ్రత్తలు చెప్పేది మీరేనట. మరి అప్పుడు ఆ మాట ఎందుకు చెప్పరు?"

"కాగితంలో లేదు. ఇచ్చిన కాగితం చదవడమే నా పని. పదకొండు మంగళవారాలుగా చదువుతున్నాను. బోర్డు మాత్రం రెండు వారాల కిందటే వచ్చింది."

"తెలియనివాడు చదివితే పోనీ అనుకునేదాన్ని. మీకు తెలుసు. తెలిసి, మన నదిలో ఎప్పుడు లేవాలో చెప్పకుండా, మన మనుషులని నమ్మొద్దని చెప్పారు. సిగ్గనిపించలేదూ?"

తలుపు ధడాలున వేసింది. ఆ తలుపు ఒక్క దెబ్బకి పడదు. రెండోసారి వేయాల్సి వచ్చింది. మూడోసారి అతనే బయటినుంచి నెట్టాడు.

"నా తలుపు సంగతి మీకనవసరం," అని వెళ్లిపోయింది.

వారమంతా కోపంగానే ఉంది. అంట్లు తోముతూ కోపం, టైర్లలో గాలి చూస్తూ కోపం. అంత కోపంలోనూ, మోకాళ్ల దాకా మడిచిన ఆ ప్యాంటు ఒక కాలు ఎత్తుగా, ఒక కాలు పల్లంగా ఉండటం ఎందుకు గుర్తొస్తోందో తనకే తెలియలేదు. దానిమీదా కోపమొచ్చింది.

*

తర్వాతి బుధవారం గేటులోంచి జనం తిన్నగా వ్యాన్ల వరుస దగ్గరికి వచ్చారు. ఒకావిడ వేళ్లు మడుస్తూ అడిగింది. "మీ లైసెన్సు చూపిస్తారా? నదిలో పచ్చనాకు కనిపిస్తే ఏం చేస్తారు? ఓడ టైముకి ఎంత ముందు చేరుస్తారు?"

ఒరీలియా అన్నిటికీ జవాబు చెప్పింది. "ఇవన్నీ ఎవరు నేర్పారు మీకు?"

"నిన్న రాత్రి ఆ అబ్బాయి. చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మా అమ్మ చెప్పింది వినండి అని మొదలుపెట్టాడు. ఇవి అడగండి, సరిగ్గా చెప్పినవాళ్లతో ధైర్యంగా వెళ్లండి అన్నాడు."

ఆ రోజు వరుసలో ఒక్క వ్యానూ ఖాళీగా లేదు. సాయంత్రం అందరినీ గంట ముందే దింపి, వ్యాను తుడుచుకుని, ఓడ కదిలే వేళకి తిరిగిచూస్తే, గేటు బయట పెట్టె మీద కూర్చుని ఉన్నాడు జెర్విన్. తెల్లచొక్కా లేదు, బిళ్ల లేదు.

"దింపేశారా?"

"కాగితమైనా చదువు, పెట్టైనా సర్దుకో అన్నారు. పెట్టె చిన్నది. తేలిగ్గా అయిపోయింది."

ఆమెకి ఒళ్లు మండింది. "ఉద్యోగం మానెయ్యమని నేనడిగానా? ఇప్పుడు ఊరంతా నా నోటి మూలంగా ఒకడి కూడు పోయిందనదూ? మీ అమ్మగారికి నేనేం చెప్పుకోను?"

"మా అమ్మకి ఫోన్ చేశాను. పదకొండు వారాలు ఆలస్యమైందంది." అతను లేచి నిలబడ్డాడు. "ఆ కాగితంలో లేనిది ఇంకోటి కూడా ఉంది, ఒరీలియా."

"త్వరగా చెప్పండి. ఓడ వెళ్లిపోతోంది."

"వెళ్లనీ. నాకు తొందర లేదు."

వెనక ఓడ పొడుగ్గా కూత పెట్టింది. అతను చెప్పాల్సింది చెప్పకుండానే ఆమెని చూస్తూ నిలబడ్డాడు. చినుకు మొదలైంది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.

"చూసింది చాలు," అంది ఆఖరికి. "తడుస్తావు. ఎక్కు. ముందు సీట్లోనే."

*

ఆ సీజనంతా జెర్విన్ గేటు దగ్గర నిలబడి, దిగినవాళ్లకి ఏ రోజు ఏ తీరం మంచిదో, ఎక్కడ దిగకూడదో చెప్పాడు. డ్రైవర్లే తలా కొంత వేసుకుని అతన్ని పెట్టుకున్నారు. ఏప్రిల్లో ఆఖరి ఓడ వెళ్లిపోయిన ఆదివారం ఎవ్లిన్ అతన్ని భోజనానికి పిలిచింది. పీతలు వేసిన కాలలూ ఆకు పులుసు, కాల్చిన బ్రెడ్‌ఫ్రూట్, కొబ్బరి అన్నం. గిల్‌రాయ్ ప్రార్థన ముగించి గొంతు సవరించుకున్నాడు.

"బస్సుల కంపెనీ వాళ్లు మళ్లీ వచ్చారు. వచ్చే సీజనుకి వ్యాను ఇస్తారా అని. నా మోకాలు చూస్తే..."

"ఇవ్వం నాన్నా," అంది ఒరీలియా, గరిటె కింద పెట్టి. "నేను నడుపుతాను. గేటు దగ్గర జెర్విన్ ఉంటాడు. ఇంకోటి. జూలైలో ఓడలుండవు కాబట్టి అప్పుడే మా పెళ్లి."

జెర్విన్‌కి అన్నం గొంతుకి అడ్డంపడింది. నీళ్లు తాగి, "నన్నెవరూ అడగలేదు మిస్ ఎవ్లిన్," అన్నాడు మెల్లగా.

"ఇప్పుడు విన్నావుగా. కాదంటావా?" అంది ఒరీలియా.

"అనను."

గిల్‌రాయ్ కంచంలోకి చూసుకుంటూ నవ్వాడు. ఎవ్లిన్ నవ్వలేదు. ఆవిడ ముఖం కందగడ్డలా అయింది.

"జూలైలోనా? మూడు నెలల్లోనా? పెళ్లి కేకులోకి పళ్లు రమ్ములో ఆరునెలలైనా నానాలని ఈ ఇంట్లో ఒక్కరికీ తెలియదా? నన్నొక్క మాట అడిగి చావచ్చు కదే." కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "నువ్వు లే అబ్బాయ్. తిన్నది చాలు. ఆ పై అరలోంచి పెద్ద జాడీ దించు. ఇప్పుడే నానబెట్టాలి."