పంతొమ్మిది ఓల్టులు

"నీటి శుద్ధి కేంద్రం. కంట్రోల్ ప్యానెల్ ముందు మెకానిక్ శవం. కరెంటు ఆపకుండా చెయ్యి పెట్టాడు, తప్పు అతనిదేనని మేనేజ్‌మెంట్ రాసేసింది."

చీఫ్ ఫోటో ముందుకి తోశాడు. ఏజెంట్ చూశాడు. మొహంలో ఏ మార్పూ లేదు. ఆ విద్యకే అతనికి జీతమిస్తున్నారు.

"మా బాబాయ్ సార్."

"తెలుసు. ఈ ఉద్యోగానికి ముందు ఆయన దగ్గరే పని నేర్చావు. అక్కడి పంపుల్ని, వాల్వుల్ని నడిపేది ముప్పై ఏళ్ల నాటి కంట్రోలర్. నెల రోజులుగా ఉన్నట్టుండి ఆగిపోతోంది. ఆ వంకతో ఒక విదేశీ ముఠా లోపలికి దూరింది. అందులో మన మనిషి ఒకావిడ ఉంది, కన్సల్టెంట్ వేషంలో. 'ముల్లు కదిలిందా?' అంటుంది. 'వణికింది' అను."

వెళ్లే దారిలో పిన్నిని చూశాడు. అతను మందుల కంపెనీలో సేల్స్‌మన్ అనే ఆమె నమ్మకం.

"మూడేళ్లు కనపడలేదు. మనిషి పోయాక గుర్తొచ్చామా, నాయనా?"

"క్యాంపులు పిన్నీ."

"బల్బు మార్చాలన్నా మెయిన్ ఆపి, రెండుసార్లు చూసుకునేవాడురా. అజాగ్రత్త అంటున్నారు!"

అతను గడియారం చూసుకుని లేచాడు.

పొద్దున పదీ నలభైకి మెకానిక్ వేషంలో ప్యానెల్ తలుపు తీశాడు. తుప్పు, దుమ్ము, రంగు వెలిసిన వైర్లు. వెనక సెంటు గుప్పుమంది. నల్లకళ్లద్దాల కన్సల్టెంట్.

"ముల్లు కదిలిందా?"

"వణికింది."

"కంట్రోలర్‌లో పాత కార్డు ముఠావాళ్లు పాడుచేశారు. ఇది పెట్టు. పదకొండింటికి ఊరికి నీళ్లు వదుల్తారు." చేతిలో కొత్త కార్డు పెట్టింది.

పెట్టాడు. దీపాలన్నీ పచ్చగా వెలిగాయి. అయినా చెయ్యి ఊరుకోలేదు. కార్డు జోలికెళ్లే ముందు పవర్ సప్లై చూడరా అని బాబాయ్ ఎన్నిసార్లు మొట్టాడో! మల్టీమీటర్ ఆనించాడు. ఇరవై నాలుగు ఉండాల్సిన చోట పంతొమ్మిది. పవర్ సప్లైలో కెపాసిటర్లు పాతబడి ఉబ్బిపోయి ఉన్నాయి. పక్కన రేకు మీద పెన్సిల్ రాత: '19 ఓల్టులు. కార్డు బాగానే ఉంది.' కింద తేదీ. బాబాయ్ పోయిన రోజు.

అంటే కంట్రోలర్ జబ్బు ముసలితనమే, పాత కార్డుని ఎవరూ పాడుచెయ్యలేదు. మరి కొత్త కార్డు దేనికి?

తలెత్తాడు. క్లోరిన్ వాల్వు దానంతటదే తెరుచుకుంటోంది. అరవై శాతం. డెబ్బై. అంత క్లోరిన్ కలిస్తే ఊరు తాగేది విషమే. గడియారంలో పదకొండుకి రెండు నిమిషాలు.

"ముట్టుకోకు." ఆమె చేతిలో పిస్టల్. "ఆ ముసలాయన కూడా ఇలాగే చాదస్తానికి పోయాడు. కార్డు మార్చనన్నాడు. అందుకే పోయాడు."

"ఎవరి తరఫు నువ్వు?"

"ఎవరెక్కువిస్తే వాళ్ల తరఫు."

అతను మల్టీమీటర్ డయల్ చివరి గీత దాకా తిప్పాడు. అది శాఖ వాళ్లు ప్రత్యేకంగా పెట్టిన గీత. కళ్లు బైర్లు కమ్మే వెలుగు చిమ్మింది. ఆమె పేల్చిన గుండు గోడకి తగిలింది. ఒక్క తన్నుకి పిస్టల్ ఎగిరిపడింది. కార్డు పీకేశాడు. వాల్వు తొంభై దగ్గర ఆగింది, మూసుకోలేదు. చక్రం పట్టుకుని చేత్తో తిప్పాడు. బిగిసిపోయిన చక్రం. అరచేతులు చీరుకుపోయాయి. అది సున్నాకి చేరేసరికి గడియారం పదకొండు కొట్టింది. గుండు చప్పుడు విని, బయట కాచుకున్న శాఖ జవాన్లు వచ్చి ఆమెని పట్టుకున్నారు.

"బాబాయ్ తప్పు లేదని రాయించండి సార్," ఫోన్లో అడిగాడు.

"కుదరదు. ముఠాలో మిగతావాళ్లు జాగ్రత్తపడతారు. సారీ," అన్నాడు చీఫ్.

సాయంత్రం పిన్ని పక్కన కూర్చున్నాడు, కట్లు కట్టిన చేతులు జేబుల్లో దాచుకుని.

"బాబాయ్ తప్పేం లేదు పిన్నీ."

ఆమె ఆశగా చూసింది. "ఎవరైనా చెప్పారా?"

నోటిదాకా వచ్చింది. మింగేశాడు. "లేదు. నాకనిపించింది."

"మందులమ్ముకునేవాడివి, నీకేం తెలుస్తుందిలే," అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "అయినా అన్నావు. అదే చాలు."

మర్నాడు పేపర్లో నాలుగు లైన్ల వార్త వచ్చింది. అరగంట ఆలస్యంగా నీళ్లు వదిలిన సిబ్బంది నిర్లక్ష్యం మీద జనం మండిపడుతున్నారట.