మూల గడుల్లో ముత్తవ్వ

సిరిసిల్లలో మరమగ్గాల సాంచలు ఆగిపోతే చెవులకు ఏదో వెలితిగా ఉంటుంది. పొద్దుగూకే వేళ కరెంటు పోయింది. ఇంటి వెనక షెడ్డులో టకటక ఆగి, గోడ మీద బల్లి కదిలినా వినిపించేంత నిశ్శబ్దం. తేజస్వినికి మాత్రం హాయిగానే ఉంది. లాప్‌టాప్‌లో చార్జింగ్ ఉంది, తెల్లారితే జగిత్యాల కాలేజీలో చూపించాల్సిన, ఫోటోలోంచి మనిషిని చెరిపే ప్రాజెక్టు చివరికొచ్చింది.

కంప్యూటర్‌కు ఫోటో అంటే అంకెల మాత్రికే. బయటి లూప్ ఒక్కో వరుస దిగుతుంది. దిగిన ప్రతిసారీ లోపలి లూప్ ఆ వరుసలో గడిగడికీ నడుస్తుంది, సాంచ మీద పేక పోగు ఈ అంచు నుంచి ఆ అంచుకు పోయినట్టు. చెరపాల్సిన చోట ప్రతి గడిలో పాత అంకె తీసి, చుట్టుపక్కల గడుల సగటు పెట్టాలి. పదేపదే అలా చేస్తే అక్కడున్న మనిషి వెనక గోడలో కలిసిపోతుంది.

ఫోటో ఎంచింది స్నేహితురాలు మనీషా. "ఫ్రెషర్స్ డే ఫోటో పెడదామే. మూలకు మీ పనామె ఉంది గదా, ఆమెను తీసేసి చూపిద్దాం" అంది.

ఆమె పనామె కాదు. నాయనమ్మ ముత్తవ్వ. ఆ రోజు నూలు కండెలు చుట్టే పని ఆపి, బస్సెక్కి మనవరాలికి స్టీలు డబ్బాలో అన్నం తెచ్చింది. వెలిసిన తెల్లచీర, జుట్టు నిండా దూది నుసి. ఎవరని మనీషా అడిగితే, "మా ఇంట్ల పనామె" అనేసింది తేజస్విని. ముసలామె విన్నది. నవ్వింది. "అవ్ బిడ్డా, పనామెనే. అమ్మగారు డబ్బా పంపిండ్రు" అని ఆ అబద్ధానికి తానే సాక్ష్యం పలికింది. పోయిన నెల కాలం చేసింది. ఆ నవ్వు తలుచుకుంటే తేజస్వినికి ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది. అయినా మనీషాకు వద్దని చెప్పలేకపోయింది. చెబితే ఎందుకని అడుగుతుంది మరి.

మొదటిసారి ప్రోగ్రామ్ నడిపితే ముత్తవ్వ చెరగలేదు. చీర తెలుపు చారలా సాగి, ఫోటో నడుమ నిలబడ్డ తేజస్విని భుజం దాకా పాకింది. ఉలిక్కిపడింది గానీ తప్పు వెంటనే దొరికింది. చదివే మాత్రికలోనే రాస్తోంది. మారిన గడి పక్క గడిని చెడగొడుతూ పోయింది. కొత్త అంకెలు వేరే మాత్రికలో పడేలా దిద్దింది.

మూల శుభ్రమైంది. పీడ విరగడైంది అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడే వచ్చింది తంబాకు వాసన. ముత్తవ్వ నమిలే తంబాకు...

ఫోటోలో వెనక వరుసన, ఇద్దరమ్మాయిల మధ్య, ముత్తవ్వ. చేతిలో డబ్బా లేదు. ఆ గడులు తేజస్విని చెరిపింది. ముత్తవ్వ ముందు వరుసలోకి వచ్చింది. మళ్లీ చెరిపింది... ఇప్పుడు సరిగ్గా తేజస్విని వెనకే. అదే నవ్వు. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

ఎవరూ లేని షెడ్డులో కిర్రు... కిర్రు... కండెలు చుట్టే రాట్నం. చేత్తో తిప్పితే తప్ప కదలనిది.

"అవ్వా... తప్పయింది" గుసగుసగా అంది. "రేపు అందరికి చెప్త. నువ్వు మా అవ్వవని చెప్త."

రాట్నం ఆగింది.

ఫోన్ మోగింది. మనీషా. "ఏమైందే? పనామెను తీసేసినవా?"

తేజస్విని నోరు తెరిచింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గు దాన్ని వెనక్కి నెట్టింది.

"ఆ... తీసేస్తున్న" అని మీట నొక్కింది.

రాట్నం మళ్లీ కదిలింది.

సెల్ టార్చ్ వేసుకుని తల్లి సంధ్యారాణి గదిలోకి వచ్చింది. తెర మీదికి వంగింది. "అయ్యో, అత్తమ్మ ఎంత మంచిగ పడ్డది! పిల్లల నడుమ ఎట్ల నవ్వుతుందో..." అని తనలో తానే మురిసిపోయింది. వేలు మూలకు జరిగింది. "గీ మూలకు డబ్బా పట్టుకున్నది ఎవలు? పనామెనా?"

తేజస్విని చూసింది. ఫోటో నడుమ తాను నిలబడ్డ చోట ముత్తవ్వ. మూలన, స్టీలు డబ్బాతో, తన ముఖమే.

"నేనే అమ్మా!"

ఆ మాట తల్లి చెవిన పడలేదు. టార్చ్ వెలుగు తేజస్విని కూర్చున్న కుర్చీ మీంచి, అడ్డేమీ లేనట్టు, గోడ మీదికి పోయింది. తలుపు దిక్కు తిరిగి తల్లి గట్టిగా పిలిచింది.

"తేజూ... యాడికి వోయినవే?"

షెడ్డులోంచి, తేజస్విని గొంతుతోనే, జవాబొచ్చింది.

"ఇక్కడున్ననే అమ్మా... కండెలు చుడుతున్న."