పైనాపిల్ కేకు తిన్న డాక్టరమ్మ

"ముందు ఆ డబ్బా బయట పెట్టండి. తర్వాత మాట్లాడదాం."

డాక్టర్ పెయ్‌రూ నాతో అన్న మొట్టమొదటి మాట ఇది. అప్పుడు నేను సర్జరీ వార్డు గుమ్మంలో మా బేకరీ పైనాపిల్ కేకుల డబ్బా పట్టుకుని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను. మా నాయనమ్మ పిత్తాశయంలో రాళ్ళు తీసింది ఆవిడే. ఊరికే థాంక్స్ చెబితే ఏం బావుంటుందని తెచ్చాను.

"విషం కాదండీ, కేకులే!"

"విషమైనా నయం. డ్యూటీలో పైనాపిల్ తింటే పేషెంట్లు వరస కడతారు. తైనాన్‌లో పుట్టి ఆ మాత్రం తెలియదా?"

తెలుసు. మా తైవాన్ భాషలో పైనాపిల్ పేరు 'జోరు వస్తుంది' అన్నట్టు వినిపిస్తుంది. అందుకే అది కొట్లో ఉంటే బేరాలొస్తాయి, ఆస్పత్రిలో ఉంటే రోగులొస్తారు. కంగారులో మర్చిపోయాను. ఆ సాయంత్రమే వాన కురిసి, స్కూటర్లు జారి వార్డు నిండిపోయింది. మర్నాడు ఆమె మా కొట్టుకొచ్చి మరీ తిట్టింది. ఆ తర్వాత కూడా తిట్టడానికే వచ్చింది. కొన్నాళ్ళకి తిట్లు మానేసింది గానీ రావడం మానలేదు.

రావడమంటే మాటవరసకే. సినిమాకి ఇద్దరం బయల్దేరితే దారిలోనే ఆస్పత్రి నుంచి ఫోనొచ్చేది, నేనొక్కణ్ణే చూసొచ్చేవాణ్ణి. నూడుల్స్ కొట్లో రెండు గిన్నెలూ నేనే ఖాళీ చేసేవాణ్ణి.

నిశ్చితార్థానికి పెట్టిన ముహూర్తం కూడా రెండుసార్లు ఆస్పత్రి పాలైంది. నాయనమ్మ తేల్చి చెప్పేసింది.

"ఒరేయ్ కై, ఈసారి కూడా ఆ పిల్ల మధ్యలో పరిగెత్తిందంటే ఉంగరం మళ్ళీ నా బీరువాలోకే. నాకు ఇంట్లో మనిషి కావాలి, చుట్టం కాదు."

నన్ను పెంచింది నాయనమ్మే. ఆవిడ కాదంటే పెళ్ళి లేదు. పెయ్‌రూ లేకుండా నేను ఉండలేను. నిజంగానే భయం వేసింది.

"ఈ మూడో ముహూర్తం రోజు కూడా నేను ఆన్ కాల్. ఫోనొస్తే వెళ్ళాల్సిందే," అంది పెయ్‌రూ. "ఇంకో సంగతి. మీ నాయనమ్మ ఉంగరం తొడిగేటప్పుడు వేలు వంచేస్తాను. మొదలుదాకా దిగితే జీవితాంతం అత్తింటివాళ్ళ చెప్పుచేతల్లో ఉండాలట. మా అమ్మ ముందే నేర్పింది."

"నా ప్రాణం తీసేలా ఉన్నావు!"

"ప్రాణాలు తీయను బాబూ. నా ఉద్యోగమే పోతుంది."

నిశ్చితార్థం రోజూ వానే. ఎర్ర గౌనులో పెయ్‌రూ మా పెద్దవాళ్ళందరికీ తియ్యటి టీ అందించింది. నాయనమ్మ కరిగిపోయింది. ముచ్చటేసి ఒక పైనాపిల్ కేకు తీసింది.

"మా కేకు రుచి చూడని కోడలు ఎక్కడైనా ఉంటుందా? నోరు తెరు!"

నేను నాయనమ్మ వెనక నుంచి వద్దని తల ఊపాను. పెయ్‌రూ నా వైపు చూసి కన్ను గీటి, హాయిగా తినేసింది.

ఉంగరం డబ్బా తెరిచారు. ఫోన్ మోగింది.

"అపెండిక్స్ పగిలిందట నాయనమ్మా. నేను వెళ్ళాలి." ఎర్ర గౌను మీదే రెయిన్‌కోటు తగిలించుకుని, స్కూటరెక్కి వెళ్ళిపోయింది.

నాయనమ్మ టప్పున డబ్బా మూసింది. "చూశావా?"

"చూశాను. ఆన్ కాల్‌లో ఉన్న డాక్టరుకి పైనాపిల్ ఎవరు తినిపించారో కూడా చూశాను."

నాయనమ్మ కేకుల పళ్ళెం వంక చూసింది. చుట్టాల వంక చూసింది. ఒక్కరూ ఆదుకోలేదు.

"ఆ పిల్లయినా చెప్పొద్దూ!" అని గొణిగి, ఉంగరం డబ్బా సంచిలో వేసుకుని, "గొడుగు తే. ఆస్పత్రికి పోదాం," అంది.

క్యాంటీన్‌లో కూర్చున్నాం. ఆపరేషన్ ముగించి, నలిగిన ఆకుపచ్చ బట్టల్లో వచ్చిన పెయ్‌రూ మమ్మల్ని చూసి అక్కడే ఆగిపోయింది.

"పేషెంటు ఎలా ఉన్నాడు?" అంది నాయనమ్మ.

"బాగున్నాడు."

"తప్పు నాదే అమ్మాయీ. కేకు సంగతి మర్చిపోయాను."

"నేను మర్చిపోలేదు నాయనమ్మా. ఎలాగూ ఫోనొస్తుందనిపించింది. వస్తే తప్పు మీ మీదకి పోవాలనే తిన్నాను."

నాయనమ్మ బల్ల చరిచి నవ్వింది. "దొంగపిల్లా! కూర్చో."

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఆనవాయితీగా పాదాల కింద పెట్టాల్సిన పీటకి బదులు అట్టపెట్టె వేశాం. పెయ్‌రూ చెయ్యి చాపి, అనుకున్నట్టే వేలు వంచింది. నాయనమ్మ ఉంగరాన్ని నడిమి కణుపు దాకా తెచ్చి, తనంతట తనే ఆగింది.

"ఇక్కడిదాకా చాలు. మిగతాది ఆస్పత్రివాళ్ళకి ఉండనీ."

పెయ్‌రూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేలు చాపి, ఉంగరాన్ని తనే మొదలుదాకా తోసుకుంది.

"ఆపరేషన్‌కి వెళ్ళేటప్పుడు తీసెయ్యాలి నాయనమ్మా."

"తీసెయ్. ఇంటికొచ్చాక పెట్టుకో."